ముందు గడ్డి తింటుంది

(తెనాలి పక్కన ఒక పల్లెలో వరి కోతలు ముగిసి మొక్కజొన్న వేయబోతున్న రోజుల్లో జరిగిన రైతుల సమావేశంలో, ఒక విశ్రాంత వ్యవసాయాధికారి చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం ఇది. కరెంటు పోయి మైకు ఆగిన చోట కొన్ని మాటలు జారిపోయాయి.)

అందరికీ నమస్కారం. దండలూ శాలువాలూ ఇందాకే అయిపోయాయి కాబట్టి సూటిగా విషయంలోకి వస్తాను. మళ్లీ పాలు పితికే వేళకు మీరు ఇళ్లకు చేరాలి.

యూరియా గురించి నాకు అసలు పాఠం చెప్పింది బాపట్ల వ్యవసాయ కాలేజీ కాదండీ, నా ముక్కు. రిటైరైన మొదటి ఏడు మా మూడెకరాల్లో వరి కోయించి, గడ్డి తీయకుండా, దున్నకుండా మొక్కజొన్న వేశాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ అందరికీ చెప్పిన పనే, నా చేత్తో చేయడం మాత్రం అదే మొదలు. పైరుకు ముప్పై రోజులు వచ్చాయి, రెండో దఫా యూరియా వేయాలి. కాలవ నీళ్లు రేపు వస్తాయన్నారు. సరే, తెల్లారి మంచు ఉండగానే ఎకరానికి బస్తాన్నర చొప్పున గడ్డి మీద చల్లించేశాను. నీళ్లు రేపు రాలేదు, ఎల్లుండీ రాలేదు. ఐదో రోజుకు వచ్చాయి. మూడో రోజు సాయంత్రం గట్టు మీద నడుస్తుంటే పశువుల కొట్టం శుభ్రం చేయనప్పుడు వచ్చే ఘాటు వాసన గుప్పున కొట్టింది. చుట్టూ చూశాను. పశువు లేదు, కొట్టం లేదు. ఉన్నదల్లా నేను చల్లిన యూరియా.

పది రోజుల తర్వాత చూస్తే పైరు రంగు మారలేదు. పక్క చేలో మా మేనల్లుడు గట్టు మీద నిలబడి అన్నాడు: "మావయ్యా, ముప్పై ఏళ్లు మాకు చెప్పావు. ఇప్పుడు నీకెవరిని పంపమంటావు?" (నవ్వులు)

ఇవాళ నేను చెప్పేదంతా ఆ వాసన గురించే. యూరియాలోని నత్రజని ఎక్కడికి పోతోంది, ఎవరు తింటున్నారు, ఎప్పుడు తింటున్నారు. ఎన్ని బస్తాలు వేయాలన్నది ఆ తర్వాతి మాట.

దున్నకుండా పంట వేయడం మనకేమీ కొత్త కాదు. మన తాతలు వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, చేలో పైరు నిలబడి ఉండగానే, తడి నేల మీద మినుములు చల్లేవాళ్లు. వరి కోసేసరికి కొయ్యకాళ్ల మధ్య మినుము మొలకెత్తి ఉండేది. నాగలి లేదు, ఎరువు లేదు, మళ్లీ నీళ్లు పెట్టడం లేదు. మంచు మీదే పండేది. కృష్ణా డెల్టాలో మాగాణి మినుము అంటే అదే. దానికి జీరో టిల్లేజ్ అనే పేరుందని మనకెవరూ చెప్పలేదు, అంతే.

ఆ మినుముకు కష్టాలొచ్చాయి. పల్లాకు తెగులు వచ్చింది, బంగారు తీగ అనే కలుపు అల్లుకుంది. కాలవలకు నీళ్లు ఆలస్యంగా వదలడంతో వరి నాట్లు వెనక్కి జరిగాయి, కోతలు డిసెంబరు చివరికి పోయాయి, మినుముకు అదను తప్పింది. 2000 తర్వాత మన గుంటూరు, కృష్ణా జిల్లాల రైతులు అదే మాగాణిలో దున్నకుండా మొక్కజొన్న పెట్టడం మొదలుపెట్టారు. దున్ని, ఆరబెట్టి, సాళ్లు తోలేసరికి రెండు మూడు వారాలు పోతాయి, నల్లరేగడి పెళ్లలు లేస్తుంది, ఉన్న తేమంతా ఆవిరైపోతుంది. దున్నకపోతే ఆ రోజులూ ఆ తేమా రెండూ మిగులుతాయి. శాస్త్రవేత్తలు వెనకాల వచ్చి కొలిచారు గానీ, దారి తీసింది రైతులే.

అమెరికాలోనూ కథ ఇలాంటిదే. కెంటకీ రాష్ట్రంలో హెర్న్‌డన్ అనే ఊళ్లో హ్యారీ యంగ్ అనే రైతు 1962లో ఎకరం కూడా లేని ముక్కలో దున్నకుండా మొక్కజొన్న వేశాడు. ఆ ముక్క దగ్గర ఇవాళ బోర్డు పెట్టి ఉంది. ఆ రోజుల్లోనే పారాక్వాట్ అనే కలుపు మందు బజారులోకి వచ్చింది. కలుపును నాగలి చంపనక్కర్లేదు, మందు చంపుతుంది అన్న ధైర్యం అక్కడి నుంచి వచ్చింది. మనమూ గింజ పెట్టగానే, మొలక రాకముందే, పారాక్వాట్, అట్రజిన్ కొడుతున్నాం. ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను: పారాక్వాట్‌కు విరుగుడు లేదు. పొరపాటున కడుపులోకి పోతే ఏ ఆసుపత్రీ గ్యారంటీ ఇవ్వలేదు. కూల్‌డ్రింకు సీసాలో పోసి ఇంట్లో పెట్టొద్దు.

ఇక గడ్డి. చైన్ మిషన్, అదే చైన్ల మీద నడిచే కోత మిషన్, వరి కోసిపోయాక చేను చూడండి. జానెడు పైన కొయ్యకాళ్లు నిలబడి ఉంటాయి. మిషన్ తోక వెనకాల గడ్డి వరసగా, జడ పరిచినట్టు పడి ఉంటుంది. ఆ వరసలో గడ్డి మందం మోకాలి దాకా ఉంటుంది, వరసకూ వరసకూ మధ్య నేల బోడిగా ఉంటుంది. మొక్కజొన్న గింజ రెండు చోట్లా ఒకేలా మొలుస్తుందా? మొలవదు. గడ్డి వరస కింద గుంట పొడిస్తే కర్ర గడ్డిని మడిచి గుంటలోకి దిగేస్తుంది. గింజ గడ్డి మీద కూర్చుంటుంది, మట్టి తగలదు, తేమ అందదు. మొలిచిందే అనుకుందాం, వెలుతురు కోసం తెల్లగా సాగి పైకొస్తుంది. నెల తర్వాత చేను మీద చారలు కనపడతాయి, ఒక పచ్చ చార, ఒక పసుపు చార. అప్పుడు మనం యూరియా చాలలేదు అంటాం. అసలు తప్పు కోత రోజే జరిగిపోయింది. మిషన్ డ్రైవరు వెళ్లిపోయాక ఏం చేసినా అతుకులే.

కాబట్టి గడ్డి పని కోతనాడే మొదలుపెట్టండి. పంజాబులో మిషన్ తోకకు గడ్డిని ముక్కలు చేసి నలుమూలలా చిమ్మే పరికరం బిగిస్తారు. మన దగ్గర అది ఉన్న మిషన్లు అరుదు. లేకపోతే ఇద్దరు మనుషులు పంగల కర్రలు పట్టుకుని గడ్డిని పల్చగా చెదరగొట్టాలి. లేదా బేలర్ పెట్టి వరసల్లో గడ్డి కట్టలు కట్టించేసుకోండి. కొయ్యకాళ్లూ, కట్టలకు అందని గడ్డీ చేలో మిగులుతాయి. నన్నడిగితే మన డెల్టాలో ఆ మిగిలింది చాలు. పశువుల మేతకు గడ్డి దొరకని ఊళ్లో మొత్తం గడ్డి చేలోనే వదిలేయమని చెప్పే మనిషి పాలు కొనుక్కుని తాగే మనిషి. (నవ్వులు)

ఆ మిగిలిన గడ్డి ఎంత? ఎకరానికి నలభై బస్తాల ధాన్యం పండిందనుకోండి, మన డెబ్భై ఐదు కిలోల బస్తా. ముప్పై క్వింటాళ్లు. గడ్డి కూడా ఇంచుమించు అంతే బరువు ఉంటుంది. అందులో సగం కట్టలకు పోతే ఒకటిన్నర టన్నులు చేలో ఉన్నట్టు.

ఇప్పుడు కొంచెం లెక్క. భయపడకండి, పప్పూ అన్నం లెక్కే. వంద కిలోల వరిగడ్డిలో నలభై కిలోలు కర్బనం, అరకిలో నుంచి ముప్పావు కిలో దాకా నత్రజని. కర్బనం అన్నం, నత్రజని పప్పు. నేలలో గడ్డిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు ఇరవై నాలుగు పాళ్ల అన్నానికి ఒక పాలు పప్పు కలవాలి. మన గడ్డిలో అరవై పాళ్ల అన్నానికి ఒక పాలు పప్పు ఉంది. అన్నం కొండలా ఉంది, పప్పు గరిటెడు. అవేం చేస్తాయి? పక్క విస్తట్లోంచి లాక్కుంటాయి. పక్క విస్తరి మన మొక్కజొన్నది. మనం వేసిన యూరియాలోంచి, నేలలో ఉన్న దాంట్లోంచి ముందు అవి తీసుకుంటాయి. మొక్క ఇంకా వేలెడంత ఉంది. వాటితో పోటీ పడలేదు.

ఎంత లాక్కుంటాయి? ఒక టన్ను గడ్డిలో నాలుగు వందల కిలోల కర్బనం. అందులో మూడో వంతు సూక్ష్మజీవుల ఒంట్లోకి పోతుంది, మిగతాది గాలిలో కలుస్తుంది. ఆ మూడో వంతుకు, అంటే నూట ముప్పై కిలోల పైచిలుకు కర్బనానికి, సుమారు పదహారు కిలోల నత్రజని కావాలి. గడ్డిలో ఉన్నది ఆరు. తక్కువైన పది కిలోలు అప్పు. పది కిలోలంటే సుమారు అర బస్తా యూరియా. టన్నుకు అర బస్తా, ఈ ఒక్క లెక్క గుర్తుంచుకుంటే చాలు.

కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆ అప్పు మొత్తం ఒకేసారి కావాలంటే గడ్డి మొత్తం మట్టిలో కలవాలి. రోటవేటర్ తిప్పితే అదే జరుగుతుంది, రెండు మూడు వారాల్లో మొత్తం అప్పు ఒక్కసారిగా లాగేస్తాయి. దున్నకుండా పైన ఉంచితే, నేలను ఆనుకున్న గడ్డి మాత్రమే కుళ్లుతుంది. పైది ఎండలో అలాగే ఉంటుంది. కాబట్టి అప్పు చిన్నచిన్నగా, ఎక్కువ రోజులు నడుస్తుంది. పైరు గొంతు పట్టుకోదు గానీ జేబులోంచి చిల్లర తీస్తూనే ఉంటుంది. ఈ అప్పు ఎగవేత కాదు, సూక్ష్మజీవులు చచ్చిపోయినప్పుడు తిరిగొస్తుంది. చిక్కల్లా ఎప్పుడు వస్తుందన్నదే. కండె పీచు వేసే వేళకు రావలసింది, కండెలు ఎండాక వస్తే మనకేం లాభం?

ఇదంతా విన్నాక ఎవరికైనా అగ్గిపెట్టె గుర్తొస్తుంది. కాల్చేస్తే అప్పూ లేదు, గోలా లేదు కదా! కాల్చితే గడ్డిలోని నత్రజని ఇంచుమించు పూర్తిగా పోతుంది, గంధకం కొంత పోతుంది. పొటాష్ చాలావరకు బూడిదలో ఉంటుంది గానీ గడ్డి వరస ఉన్న చోటే కుప్పపడుతుంది. చేనంతా పరుచుకోదు. టన్ను గడ్డిలో పద్నాలుగు నుంచి ఇరవై కిలోల పొటాష్ ఉంటుంది. కానీ నన్నడిగితే అసలు నష్టం తేమ. మన మొక్కజొన్న మొలిచేది వరి మిగిల్చిన తేమ మీద. ఆ గడ్డి దుప్పటిని కాల్చేసి నేలను ఎండకు పరిస్తే నల్లరేగడి నెర్రెలిస్తుంది. మొదటి తడి వారం ముందుకు జరుగుతుంది. కాలవ చివరి ఊళ్ల వాళ్లకు ఆ వారం విలువ నేను చెప్పక్కర్లేదు. గడ్డి ఉంచితే ఎలుకల బెడద పెరుగుతుందంటారా, నిజమే, పెరుగుతుంది. గట్ల మీద బొరియలు చూసుకోక తప్పదు.

ఇప్పుడు మళ్లీ నా ముక్కు దగ్గరికి వస్తాను.

యూరియా గింజను మొక్క ఉన్నదున్నట్టు పెద్దగా తినదు. ముందు అది విరగాలి. విరిచేది యూరియేజ్ అనే ఎంజైము. అది మట్టిలో ఉంటుంది, గడ్డి మీద ఇంకా ఎక్కువ ఉంటుంది. యూరియా విరిగినప్పుడు అమ్మోనియా పుడుతుంది. మట్టి లోపల విరిగితే బంకమన్ను దాన్ని పట్టేసుకుంటుంది. గడ్డి మీద విరిగితే పట్టుకునేవాడు లేడు, గాలిలోకి పోతుంది. నేను చేసిన తప్పు ఇప్పుడు చూడండి. మంచు తడి యూరియాను కరిగించడానికి సరిగ్గా సరిపోయింది. కిందికి దింపడానికి సరిపోలేదు. ఎంజైముకు పళ్లెంలో పెట్టి ఇచ్చినట్టయింది. ఆ తర్వాత ఎండ, గాలి. నా బస్తాన్నరలో ఎంత పోయిందో నేను కొలవలేదు. ముక్కుకు తెలిసేంత పోయింది.

వేప పూత ఉంది కదా అంటారు. 2015 నుంచి మన దేశంలో తయారయ్యే యూరియా అంతా వేప పూతదే. ఆ పూత చేసే పని వేరు. మట్టిలో నత్రజని అమ్మోనియం రూపం నుంచి నైట్రేటు రూపానికి మారడాన్ని నెమ్మది చేస్తుంది. గడ్డి మీద నుంచి అమ్మోనియా ఎగిరిపోవడాన్ని అది పెద్దగా ఆపదు. ఎగిరిపోవడాన్ని ఆపే పూత వేరే ఉంది, అమెరికా రైతులు అది కొనుక్కుని వాడతారు. మన బస్తాలో ఉన్నది అది కాదు.

మనకు వరి అలవాటు ఒకటి ఉంది. తడి పెట్టి, నీళ్లు ఇంకిపోయాక, బురద బురదగా ఉన్న నేల మీద యూరియా చల్లుతాం. మొక్కజొన్నలో గడ్డి మీద ఆ పని చేస్తే నష్టానికి అంతకంటే మంచి ముహూర్తం లేదు. నేల తడి, గడ్డి తడి, పైన ఎండ. తిరగేసి చేయండి. ముందు యూరియా, వెంటనే తడి. వెంటనే అంటే ఆ రోజే. నీళ్లు మడిలోకి వచ్చాయని కళ్లతో చూశాకే బస్తా విప్పండి. "రేపు వస్తాయి" అన్న మాట మీద విప్పొద్దు. నా అనుభవం మీకు ఉచితంగా ఇస్తున్నాను.

అలాగని చెరువులా నిలబెట్టకండి. అప్పటికే నైట్రేటుగా మారిన నత్రజని, నీళ్లు నిలబడి నేలకు గాలి ఆడకపోతే, వాయువై పోతుంది. దానికి వాసన కూడా ఉండదు. పల్లపు మూల పైరు పసుపు రంగుకు తిరిగేది అందుకే.

ఇంతకంటే మంచి దారి గుంట. ఎకరానికి మొక్కలెన్ని? సాలుకూ సాలుకూ అరవై సెంటీమీటర్లు, మొక్కకూ మొక్కకూ ఇరవై. ముప్పై మూడు వేల మొక్కలు. రెండు మొక్కలకు ఒక గుంట అనుకుంటే పదహారు వేల ఐదు వందల గుంటలు. బస్తాన్నర యూరియా, అంటే అరవై ఏడున్నర కిలోలు, అన్ని గుంటలకూ పంచితే గుంటకు నాలుగు గ్రాములు. తలకొట్టిన టీ చెంచా. గడ్డిని కర్రతో పక్కకు జరపాలి, మొక్కకు నాలుగు వేళ్ల దూరంలో, మూడు వేళ్ల లోతున పొడవాలి, చెంచాడు పోసి కాలి మడమతో మూయాలి. మూయడం మర్చిపోతే గుంట చిమ్నీలా పనిచేస్తుంది, అంతా వృథా. మా చేలో ఇద్దరు ఆడవాళ్లు ఈ పని చేశారు. మొదటి అరపూట ఒకరు పొడుస్తూ ఒకరు పోస్తూ వెళ్లారు. మధ్యాహ్నానికి వాళ్లే మార్చేశారు. ఒకామె పొడిచి పోస్తుంది, రెండో ఆమె వెనకాల మడమతో మూస్తూ, తప్పిపోయిన చోట్లు చూస్తూ వస్తుంది. ఆ పద్ధతి నా నోట్సులో లేదు. పదహారు వేల గుంటలంటే మాటలా, కూలి పడుతుంది. నేను కాదనను. యూరియా బస్తా రెండు వందల అరవై ఆరు రూపాయలు, కూలి అంతకు రెట్టింపు అయితే ఎవరు గుంట తీస్తారు? అందుకే అన్ని దఫాలూ గుంటల్లో వేయమని చెప్పను. కనీసం విత్తేటప్పటి దఫా గుంటలో వేయండి. ఎటూ గింజకు గుంట పొడుస్తున్నారు, పక్కనే ఇంకోటి పొడవడమే. తర్వాతి రెండు దఫాలూ నీళ్లను పట్టి వేసుకోండి.

ఒక హెచ్చరిక. గింజ వేసిన గుంటలోనే యూరియా వేయొద్దు, నత్రజనీ భాస్వరం రెండూ ఉండే డీఏపీ కూడా వేయొద్దు. మొలక మాడిపోతుంది. అమెరికా మిషన్లు గింజకు రెండంగుళాలు పక్కకూ, రెండంగుళాలు కిందికీ ఎరువు దింపుతాయి. మన లెక్కలో మూడు నాలుగు వేళ్ల దూరం.

బస్తాలెన్ని? చివరికి ఇదే అడుగుతారని తెలుసు. పంట ఎంత తింటుందో చూద్దాం. ఎకరానికి నలభై క్వింటాళ్ల గింజ పండితే, గింజలోనే యాభై ఐదు కిలోల పైన నత్రజని పోతుంది. చొప్పలో ఇంకో పాతిక. మొత్తం ఎనభై. రబీ మొక్కజొన్నకు మన సిఫారసు ఎకరానికి ఎనభై నుంచి తొంభై ఆరు కిలోలు, అంటే లెక్క కుదిరింది. నలభై ఐదు కిలోల యూరియా బస్తాలో ఇరవై కిలోల ఏడు వందల గ్రాముల నత్రజని ఉంటుంది. డీఏపీ బస్తాలో తొమ్మిది. ఒక డీఏపీ, నాలుగు యూరియా వేస్తే తొంభై ఒకటి దాటుతుంది. ఆ పైన వేసే ఐదో బస్తా, ఆరో బస్తా దేనికి? గాలికి పోయిన దాన్ని పూడ్చడానికి. అదెలాగంటే చిల్లు కుండకు ఇంకో బిందె నీళ్లు పోయడం. ఈ మధ్య యూరియా కోసం చెప్పులూ పాస్‌పుస్తకాలూ లైన్లో పెట్టి నిలబడ్డాం కదా. అలా తెచ్చుకున్న బస్తాను గడ్డి మీద ఆరబోస్తే కడుపు మండదూ?

ఆ నాలుగు బస్తాలను ఎలా పంచాలి? అసలు తేడా అక్కడుంది. దున్నిన చేలో అయితే మొదట తక్కువ వేసి తర్వాత ఎక్కువ వేయమంటాం. గడ్డి ఉన్న చేలో మొదటి దఫా మరీ తగ్గించొద్దు. డీఏపీతో పాటు ఒక బస్తా యూరియా విత్తేటప్పుడే, గడ్డి కిందకు, మట్టిలోకి. గడ్డి తినేది తిన్నా మొలకకు కొంత మిగలాలి కదా. గడ్డి మొత్తం కట్టలు కట్టించేస్తే అర బస్తా చాలు, మిగతా సగం తర్వాతి దఫాల్లో కలపండి. ముప్పై ముప్పై ఐదు రోజులకు, మోకాలెత్తు పైరులో, బస్తాన్నర. కండెలో ఎన్ని వరసల గింజలు పట్టాలో మొక్క నిర్ణయించుకునేది ఆ రోజుల్లోనే. చివరి బస్తాన్నర యాభై రోజులు దాటాక, మొక్క తల మీద పూత జల్లు వేసే ముందు. పీచు వేసేసరికి మొక్క తనకు కావలసిన నత్రజనిలో మూడింట రెండు వంతులు తీసేసుకుని ఉంటుంది. కండె నిండాక చల్లే యూరియా ఆకును పచ్చగా ఉంచి మన కంటికి తృప్తినిస్తుంది, కాటాకు ఏమీ ఇవ్వదు. భాస్వరం, పొటాష్, జింకు సంగతి మీ భూసార పరీక్ష కార్డు చూసి మాట్లాడుకుందాం, ఇప్పుడు టైము లేదు.

(వెనక నుంచి ఒక రైతు: ఆకు పసుపు రంగుకు తిరిగితే నత్రజని లోపమా, వేరేదా అని ఎట్లా తెలుస్తుందండీ?)

మంచి ప్రశ్న బాబాయ్ గారూ. కింది ఆకు తెంపి చూడండి. కొన నుంచి మొదలై నడి ఈనె వెంబడి లోపలికి, ఇంగ్లీషు V ఆకారంలో పసుపు దిగితే నత్రజని. ఆకు అంచులు మాడి, మధ్య పచ్చగా ఉంటే పొటాష్. లేత ఆకుల్లో తెల్ల చారలుంటే జింకు. అయితే ఆకు చెప్పేసరికి కొంత ఆలస్యం అయిపోయి ఉంటుంది. దానికంటే మంచి పని ఒకటి చెప్తాను. చేలో ఒక మూల ఐదు సాళ్లు, ఇరవై అడుగులు, తాడు కట్టి పెట్టుకోండి. ఆ ముక్కకు యూరియా దండిగా, గుంటల్లో, మొదట్లోనే వేసేయండి. ముప్పై రోజులకు ఆ ముక్కనూ మిగతా చేనునూ పక్కపక్కన నిలబడి చూడండి. తేడా లేకపోతే తొందరపడక్కర్లేదు, మీ నేలే ఇంకా పెడుతోంది. ఆ ముక్క నల్లపచ్చగా, చేను లేతగా ఉంటే గడ్డి తినేస్తోందని అర్థం. ఏ యాప్ కన్నా నాకు ఆ తాడు మీద నమ్మకం ఎక్కువ.

(మరొక రైతు: నానో యూరియా సీసా కొడితే బస్తా మానెయ్యొచ్చంటున్నారు?)

మొదట వచ్చిన నానో సీసా సంగతి చెప్తాను. అర లీటరు, నూటికి నాలుగు పాళ్ల నత్రజని. అంటే ఇరవై గ్రాములు. బస్తాలో ఇరవై కిలోలు. తర్వాత పాళ్లు పెంచిన సీసాలు కూడా వచ్చాయి, అవీ గ్రాముల్లోనే ఉంటాయి. ఆకు మీద పడింది కాబట్టి గడ్డితో గొడవ లేదు, అంతవరకు మంచిదే. కానీ నలభై క్వింటాళ్ల పంట ఎనభై కిలోలు తింటుందని ఇందాకే లెక్క వేశాం. ఈ రెండు అంకెలూ పక్కపక్కన రాసుకుని మీరే తేల్చుకోండి.

ఇంకో నిజం చెప్పాలి. దున్నకపోతే నేల ఏటేటా బాగుపడుతుందని పుస్తకాల్లో రాస్తారు. కెంటకీ విశ్వవిద్యాలయం వాళ్లు 1970లో మొదలుపెట్టిన మడుల్లో అది చూపించారు. మొదటి ఏళ్లలో నత్రజని తక్కువ వేస్తే దున్నని మడి వెనకబడింది, ఏళ్లు గడిచాక పై మట్టిలో సేంద్రియ పదార్థం పెరిగి ఆ తేడా తగ్గిపోయింది. అప్పు తిరిగొచ్చింది అన్నమాట. మనకు అలా వస్తుందని నేను మాటివ్వను. ఎందుకంటే మనం రబీలో దున్నం, సార్వాలో, అంటే వానాకాలం వరికి, మళ్లీ నీళ్లు పెట్టి దమ్ము చేస్తాం. మనది సగం జీరో టిల్లేజే. ఆరు నెలల్లో కట్టిన గూడును జులైలో మనమే చెరిపేస్తాం. కాబట్టి పుస్తకాల లాభాలన్నీ మన ఖాతాలో వేసుకోవద్దు. మనకు ఖాయంగా దక్కేవి తేమ, రోజులు, దున్నకం ఖర్చు.

మొక్కజొన్న కోశాక చొప్ప సంగతి. అదీ వరిగడ్డి లాంటిదే, అన్నం ఎక్కువ, పప్పు తక్కువ. ఏప్రిల్‌లో దాన్ని కాల్చేస్తున్నాం. ముక్కలు చేసే మిషన్ దొరికితే ముక్కలు చేసి వదిలేయండి, తొలకరికి దాని మీదే జీలుగో పిల్లిపెసరో, ఏదో ఒక పచ్చిరొట్ట పైరు చల్లండి. పచ్చిరొట్ట అంటే పప్పు కలిపిన ముద్ద. రెండూ కలిపి దమ్ములో తొక్కితే చొప్ప ఆకలి పచ్చిరొట్ట తీరుస్తుంది, వరి నారు నోటి దగ్గరిది లాక్కోదు. కానీ నాట్లకు రెండు మూడు వారాల ముందే తొక్కాలి. తొక్కిన మర్నాడే నాటితే మొత్తం తిరగబడుతుంది.

(ముందు వరసలో ఒక మహిళా రైతు: మాది కౌలండీ. గడ్డి డబ్బు కౌలులో కలిపే లెక్క వేస్తారు. గడ్డి చేలో వదిలితే ఆ డబ్బు ఎవరిస్తారు? పైగా వచ్చే ఏడు ఆ చేను మాకే ఇస్తారని రాసిచ్చారా?)

అమ్మా, ఈ ప్రశ్న ఎవరూ అడక్కుండా ఉంటే బాగుండునని ఇందాకటి నుంచీ అనుకుంటున్నాను. (నవ్వులు) ఇక్కడ మొక్కజొన్న పెట్టేవాళ్లలో సగానికి సగం కౌలుదారులే కూర్చున్నారని నాకు కనపడుతూనే ఉంది. నేలలో పడ్డ సేంద్రియ పదార్థం భూమి ఆసామిది, గడ్డి వదిలిన నష్టం నీది. ఆ లెక్క నేను సరిచేయలేను. నీకు ఈ ఏడే తిరిగొచ్చేది మాత్రం చెప్తాను. గడ్డి కట్టలు కట్టించుకుని అమ్ముకో, తప్పు లేదు. కొయ్యకాళ్లు మాత్రం కాల్చకు, అవి అమ్ముడుపోయే సరుకు కాదు కాబట్టి నీకు పోయేదేమీ లేదు, తేమ మిగులుతుంది. గడ్డి పోయింది కాబట్టి విత్తేటప్పుడు అర బస్తా యూరియా చాలు. ఆ అర బస్తా గుంటలో వేయి, తర్వాతి దఫాలు తడికి ముందు వేయి. అలా చేస్తే ఐదో బస్తా కొనక్కర్లేదు. ఆ మిగులు నీదే, ఏ ఆసామీ అడగడు.

(కరెంటు పోయింది. కొన్ని మాటలు రికార్డు కాలేదు.)

...సరే, మైకు ఎలాగూ లేదు. మొన్న కోసిన చేను ఒకటి వీధి చివరే ఉంది, గడ్డి వరసలు ఇంకా తీయలేదు. వరస కింద ఒక చోట, వరసల మధ్య బోడి నేల మీద ఒక చోట చెయ్యి పెట్టి తేమ చూద్దాం పదండి. ఎవరి దగ్గరైనా కొడవలి ఉంటే తీసుకురండి, గడ్డి కోసి లోపలికి చూడాలి. అబ్బాయ్, ఆ తాడు కూడా పట్టుకురా.